జలుబు వెనక వచ్చిన పక్షవాతం

జలుబు చేసిన పిల్లవాడికి వారం తిరక్కుండా చెయ్యి పడిపోతుందా? అమెరికాలో మనవలున్న అమ్మమ్మలూ నానమ్మలూ అక్కడి వార్త ఏదో విని ఫోనులో ఇలా అడిగితే, దాన్ని చాదస్తమని కొట్టిపారెయ్యడానికి లేదు. దాదాపు ఎప్పుడూ పడిపోదు. ఏటా లక్షలాది పిల్లలకు ముక్కు కారుతుంది, దగ్గు వస్తుంది, నాలుగు రోజుల్లో తగ్గుతుంది, మళ్ళీ బడికి పోతారు. అయితే ఆ ‘దాదాపు’ అన్న మాటలో ఏడు వందల మందికి పైగా ఉన్నారు. 2014 నుంచి అమెరికాలో అంతమందికి, అందులోనూ నూటికి తొంభై మందికి పైగా పిల్లలకు, జ్వరమో జలుబో వచ్చి వెళ్ళాక ఉన్నట్టుండి చేతుల్లోనో కాళ్ళలోనో సత్తువ పోయింది. ఏడాదికి పదిలక్షల మంది పిల్లల్లో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు ఇది. ఎవరో ఒక్క డాక్టరు జీవితంలో ఒక్కసారి చూస్తారేమో, అసలు చూడకనే పోతారేమో. అలాంటి జబ్బును ఎలా గుర్తుపట్టారు? దానికి కారణం ఫలానా వైరస్ అని ఎలా తేల్చారు? నాకు తెలిసినంతలో వైద్యంలో ఇంతకన్నా ఓపిక కావలసిన పని లేదు.

దీపం ఎక్కడ ఆరింది?

చెయ్యి ఎత్తాలనుకున్నప్పుడు ఆ ఆజ్ఞ మెదడు పైపొరలో పుట్టి వెన్నుపాములోకి దిగుతుంది. కానీ అది నేరుగా కండరం దాకా పోదు. మెడ దగ్గరో నడుము దగ్గరో తనకు తగిన చోట ఆగి, అక్కడ కాచుకుని ఉన్న మరో నాడీకణానికి కబురు అందిస్తుంది. ఆ రెండో కణం నుంచి బయల్దేరిన పొడవాటి పోగు కండరాన్ని చేరుతుంది. దాన్ని చేష్టా నాడీకణం అంటారు. వెన్నుపామును అడ్డంగా కోసి చూస్తే నడుమ బూడిదరంగు పదార్థం ఉంటుంది. దానికి ముందువైపు పొడుచుకువచ్చిన భాగాలు ముందు కొమ్ములు. చేష్టా నాడీకణాలు ఉండేది అక్కడే. ఒంటి మీద చీమ పాకినా వేడి తగిలినా ఆ సంగతి మాత్రం వెనక కొమ్ముల వైపు నుంచి వెన్నుపాములోకి వస్తుంది.

ఇదంతా మన ఊళ్ళ కరెంటు ఏర్పాటును పోలి ఉంటుంది. సబ్‌స్టేషన్ నుంచి పెద్ద లైను వస్తుంది. వీధి దగ్గర స్తంభాల మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అక్కణ్ణుంచి సర్వీసు వైరు ఇంటికి వెళ్తుంది. దీపం ఆరిపోయిందని ఫోను చేస్తే లైన్‌మన్ మొదట అడిగేది ఒకటే: మీ ఇంట్లోనేనా, వీధి మొత్తమా, ఊరంతానా? ఆ జవాబుతోనే అతనికి సగం తెలిసిపోతుంది. నరాల డాక్టరు చేసేది సరిగ్గా ఇదే. మెదడులో రక్తనాళం పూడిపోతే సబ్‌స్టేషన్ దెబ్బతిన్నట్టు. ఒక పక్క చెయ్యీ కాలూ కలిసి పడిపోతాయి, కొన్నాళ్ళకు బిగుసుకుపోతాయి. గిలన్-బారీ అనే జబ్బులో దెబ్బ తినేది సర్వీసు వైర్ల మీది తొడుగు. తిమ్మిర్లతో మొదలై, సాధారణంగా రెండు కాళ్ళలోనూ సమానంగా కింది నుంచి పైకి పాకుతుంది. వెన్నుపాము ఒకచోట అడ్డంగా వాచిపోతే వచ్చే లైను, పోయే లైను అన్నీ తెగినట్టే. ఆ మట్టానికి దిగువన కదలికతోపాటు స్పర్శ పోతుంది, మూత్రం మీద అదుపు కూడా పోవచ్చు.

మరి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే కాలిపోతే? సబ్‌స్టేషన్ బాగానే ఉంటుంది, పక్క వీధి వెలుగుతూనే ఉంటుంది, ఆ ఒక్క వీధి చీకటైపోతుంది. ముందు కొమ్ములో చేష్టా నాడీకణాలు చచ్చిపోయినా అంతే. ఒక చెయ్యి గుడ్డపేలికలా వేలాడుతుంది, రెండోది బాగానే ఉంటుంది. వేలాడే చేతిని గిల్లితే పిల్లవాడు ఏడుస్తాడు, అంటే స్పర్శ ఉంది. మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తడితే కాలు ఎగరాలి కదా? ఆ ఎగురుడుకు మెదడుతో పని లేదు. కండరం నుంచి వచ్చిన కబురుకు వెన్నుపాములోని చేష్టా నాడీకణమే బదులు చెబుతుంది. ఆ కణం లేకపోతే కాలు ఎగరదు. ఎంఆర్ఐ తీస్తే వెన్నుపాము నడుమ బూడిదరంగు పదార్థం మాత్రం నిడుపుగా తెల్లగా వెలుగుతుంది.

నలభై యాభై ఏళ్ళ కిందట మన ఊళ్ళలో కాలు సన్నబడి, ఇనుప క్యాలిపర్లు తొడుక్కుని బడికి వచ్చిన తోటి పిల్లల్ని చూసినవాళ్ళకు ఈ వర్ణన వింటూనే తెలిసిపోతుంది. ఇది పోలియో చేసే పని. వెన్నుపాములో పోలియో వైరస్ వెతుక్కుంటూ పోయేది ఆ ముందు కొమ్ముల్నే.

2014 మార్చి, 2014 ఆగస్టు

భారతదేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డా జిల్లాలో కనిపించింది. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతానికంతటికీ పోలియో లేదని ధ్రువపత్రం వచ్చింది. ఆ పత్రం చుక్కలు వేసినంత మాత్రాన రాలేదు. పదిహేనేళ్ళలోపు పిల్లల్లో ఎక్కడ ఎవరి కాలో చెయ్యో సడలిపోయినా, అది పోలియో అని ఎవరూ అనుమానించకపోయినా సరే, పద్నాలుగు రోజుల్లోపు, ఇరవైనాలుగు గంటల ఎడంతో రెండుసార్లు మలం నమూనా తీసి ప్రయోగశాలకు పంపాలి. మారుమూల పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు ఏళ్ళ తరబడి ఈ పని చేశారు. వాళ్ళ చేతుల మీదుగా వెళ్ళిన ఆ నమూనాల్లో పోలియో దొరకలేదు గనకనే పోలియో లేదని చెప్పగలిగాం.

అమెరికాలో అలాంటి ఏర్పాటు లేదు. అక్కడ సహజ పోలియో వ్యాప్తి 1979లోనే ఆగిపోయింది. పోలియో పిల్లవాణ్ణి చూసిన డాక్టర్లు చాలామంది పదవీ విరమణ చేశారు. సరిగ్గా 2014లోనే, మనకు ధ్రువపత్రం వచ్చిన అయిదు నెలలకే, అక్కడ పిల్లల చేతులు వేలాడిపోవడం మొదలైంది.

మొదట కనిపించింది పక్షవాతం కాదు, ఆయాసం. ఆగస్టు 19న మిస్సోరి రాష్ట్రంలోని కాన్సస్ సిటీ నుంచి, అక్కడి చిల్డ్రన్స్ మెర్సీ ఆస్పత్రి అట్లాంటాలోని సీడీసీకి, అంటే అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలకు, ఒక కబురు పంపింది: ఊపిరాడక చేరుతున్న పిల్లల సంఖ్య గత ఏళ్ళ ఇదే కాలంతో పోలిస్తే బాగా పెరిగింది. నాలుగు రోజులకు చికాగో విశ్వవిద్యాలయపు పిల్లల ఆస్పత్రి నుంచీ అదే మాట. ఆస్పత్రుల్లో వాడే ముక్కు పరీక్ష ఈ పిల్లలకు ‘రైనో లేదా ఎంటెరో వైరస్’ అని చెప్పింది. చూడ్డానికి మామూలు ఫలితం. జలుబు చేసిన పిల్లల్లో సగానికి సగం మందికి అలాగే వస్తుంది. ఎందుకంటే ఆ పరీక్ష ఈ రెండు జాతులనూ విడదీయలేదు. వందకు పైగా రకాల్ని కలిపి ఒకే పేరు చెబుతుంది. సీడీసీ వాళ్ళు వైరస్ జన్యు వరుస చదివి చూస్తే, కాన్సస్ సిటీ పంపిన 22 నమూనాల్లో 19, చికాగో పంపిన 14లో 11 ఒకే రకానివని తేలింది. దాని పేరు ఎంటెరోవైరస్ డి68. 1962లో కాలిఫోర్నియాలో నలుగురు పిల్లల్లో మొదటిసారి పట్టుబడ్డ వైరస్ అది. ఆ తరవాత దశాబ్దాల పాటు అక్కడొకటి ఇక్కడొకటి తప్ప కనిపించలేదు. 2014 ఆగస్టు నడుమ నుంచి 2015 జనవరి నడుమ దాకా 49 రాష్ట్రాల్లో, రాజధానిలో కలిపి 1,153 మందిలో దీన్ని నిర్ధారించారు. పరీక్ష చేయని వాళ్ళు ఎందరో లెక్కలేదు.

ఇక కొలరాడో. డెన్వర్ నగరాన్ని ఆనుకుని ఉన్న అరోరాలో పిల్లల ఆస్పత్రి ఉంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అక్కడికి ఒకరి తరవాత ఒకరుగా తొమ్మిది మంది పిల్లలు వచ్చారు. అందరికీ ముందు జ్వరం, చాలామందికి జలుబు దగ్గు, ఆ తరవాత వారం అటూ ఇటూగా చెయ్యో కాలో బలం పోవడం, కొందరికి ముఖం ఒక పక్క వాలడం, మింగలేకపోవడం. ఒక్కొక్కరినీ విడిగా చూస్తే ఒక్కొక్క సమాధానం చెప్పుకోవచ్చు. ఒకరికి గిలన్-బారీ అనుకోవచ్చు, ఇంకొకరికి వెన్నుపాము వాపు అనుకోవచ్చు. కానీ కెవిన్ మెసకార్, శామ్యూల్ డొమింగెజ్, కెన్నెత్ టైలర్ తదితర డాక్టర్లు ఆ పిల్లల ఎంఆర్ఐలను పక్కపక్కన పెట్టి చూశారు. దాదాపు అన్నింట్లోనూ వెన్నుపాము నడుమ అదే బూడిదరంగు భాగం వెలుగుతోంది. అక్టోబరు మొదట్లో సీడీసీ వారపత్రికలో ఆ తొమ్మిది మంది సంగతి అచ్చయింది.

అరుదైన జబ్బు ఒంటరిగా వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టడం దాదాపు అసాధ్యమని నేననుకుంటాను. కాలిఫోర్నియాలో 2012 నుంచే ఇలాంటి పిల్లలు అక్కడక్కడా కనిపించారు; 2014 ఫిబ్రవరిలో అక్కడి డాక్టర్లు ఆ మాట బయటపెట్టారు కూడా. చెదురుమదురుగా ఉన్నంతకాలం అది పోలికగా తోచింది, జబ్బుగా తోచలేదు. ఒకే ఆస్పత్రిలో రెండు నెలల్లోపే తొమ్మిది మంది చేరాకనే దానికి రూపం వచ్చింది.

అప్పుడు సీడీసీ చేసిన పని నాకు ఎంతో నచ్చుతుంది. కారణం తెలియకుండా కారణం పేరు పెట్టలేదు. కంటికి కనిపించేదాన్నే కొలబద్దగా తీసుకుంది: 2014 ఆగస్టు 1 తరవాత, ఇరవై ఒక్క ఏళ్ళలోపు వాళ్ళకు ఉన్నట్టుండి అవయవం బలం పోయి, ఎంఆర్ఐలో వెన్నుపాము బూడిదరంగు పదార్థంలోనే ముఖ్యంగా మచ్చ ఉంటే మాకు చెప్పండి అని దేశంలోని డాక్టర్లందరినీ అడిగింది. ఆ జబ్బుకు అక్యూట్ ఫ్లాసిడ్ మైలైటిస్ అని పేరొచ్చింది. మన మాటల్లో, అవయవాన్ని హఠాత్తుగా సడలించే వెన్నుపాము వాపు. వైద్యులు ఏఎఫ్ఎం అంటారు, మనమూ అలాగే అందాం. ఆ ఏడాది చివరికి 120 మంది తేలారు.

వెన్నుద్రవంలో దొరకని వైరస్

ఒకవైపు దేశమంతా డి68 జలుబు, మరోవైపు ఏఎఫ్ఎం. రెండూ ఒకే కాలంలో వచ్చాయి. అయితే దొంగ దొరికినట్టేనా? ఇక్కడే జాగ్రత్త కావాలి. ఊళ్ళో నూటికి యాభై మందికి జలుబు ఉన్న రోజుల్లో కాలు విరిగి వచ్చిన వాళ్ళ ముక్కుల్లో వెతికినా సగం మందిలో జలుబు వైరస్ దొరుకుతుంది. కాలు విరగ్గొట్టింది జలుబని అనలేం. ఏఎఫ్ఎం పిల్లల్లో కొందరి ముక్కుల్లో డి68 దొరికింది నిజమే. కొందరిలో దొరకలేదు. అసలు దొరకవలసిన చోటు వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం. నడుము దగ్గర సూదితో తీసే ఆ వెన్నుద్రవంలో వైరస్ కనిపిస్తే సందేహం తీరుతుంది. 2014 నుంచి 2018 దాకా నిర్ధారించిన అయిదు వందలకు పైగా రోగుల్లో వెన్నుద్రవంలో వైరస్ దొరికింది నలుగురిలోనే. ఆ నలుగురిలోనూ డి68 ఉన్నది ఇద్దరిలో.

ఇలాంటి తగాదా మనకూ కొత్త కాదు. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు జ్వరంతో, ఫిట్స్‌తో గంటల్లో కుప్పకూలారు. 183 మంది చనిపోయారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ చండీపురా వైరస్ కారణమని చెప్పింది. అది మెదడువాపు కాదు, మెదడు రక్తనాళాల దెబ్బ అని మరికొందరు పిల్లల వైద్యులు వాదించారు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి ఈ వాదన పట్టదు. కానీ వచ్చే ఏడాది మరో బిడ్డను కాపాడాలంటే ఆ వాదన తెగాలి.

వెన్నుద్రవంలో వైరస్ లేకపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, అది అసలు కారణం కాకపోవడం. రెండోది, మనం వెళ్ళేసరికి అది వెళ్ళిపోయి ఉండడం. రెండోదానికి ఆధారం పోలియోలోనే ఉంది. పోలియో విషయంలో ఎవరికీ అనుమానం లేదు గదా, అయినా పోలియో రోగుల వెన్నుద్రవంలో ఆ వైరస్ దొరకడం అరుదు. పోలియోను పట్టిచ్చేది మలం. పేగుల్లో ఆ వైరస్ వారాల తరబడి ఉంటుంది. డి68కు ఆ వీలు లేదు. ఎంటెరో అంటే పేగులకు సంబంధించినదే అయినా ఈ రకం కడుపులోని ఆమ్లానికి తట్టుకోలేదు. ముక్కులో ఉండే చల్లదనం, 33 డిగ్రీల ప్రాంతం, దానికి బాగా పడుతుంది. అంటే అది ప్రధానంగా ముక్కు గొంతుల్లో పెరిగి, కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది.

ఇప్పుడు ఒక పిల్లవాడి వారం లెక్కపెట్టండి. సోమవారం ముక్కు కారింది. ఎవరూ పరీక్ష చేయించరు, చేయించనక్కర్లేదు. శుక్రవారానికి తగ్గింది. ఆదివారం పొద్దున పళ్ళు తోముకోవడానికి చెయ్యి లేవలేదు. రాత్రి చెయ్యి మెలిక పడి పడుకున్నాడేమో అనుకుంటారు తల్లిదండ్రులు. అలా అనుకోవడం సహజం కూడా. చిన్న క్లినిక్కులో చూపిస్తే ఎక్కడో లాగి ఉంటుందంటారు. పెద్దాస్పత్రికి చేరి, ఎంఆర్ఐ తీసి, అనుమానం వచ్చి నమూనాలు తీసేటప్పటికి ఇంకో మూడు రోజులు. ముక్కులో వైరస్ ఆఖరి దశలో ఉంది లేదా పోయింది. అందుకే సీడీసీ డాక్టర్లను పదేపదే కోరింది: చెయ్యి సడలిన పిల్లవాణ్ణి చూసిన వెంటనే, కారణం తేలేదాకా ఆగకుండా, వెన్నుద్రవం, రక్తం, మలం, ముక్కు గొంతు నమూనా నాలుగూ తీయండి.

వైరస్ పోయాక మిగిలేవి

వైరస్ పోయినా శరీరం దాన్ని మరిచిపోదు. దానికి విరుగుడుగా తయారైన ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, చాలాకాలం ఉంటాయి. వెన్నుద్రవంలో వైరస్ కోసం వెతికే బదులు ఈ ప్రతిరక్షకాల కోసం వెతికితే? శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైకేల్ విల్సన్, జోసెఫ్ డెరిసి, ర్యాన్ షూబర్ట్ తదితరులు అదే చేశారు. వాళ్ళు వాడిన సాధనం విర్‌స్కాన్. దాని మొదటి రూపాన్ని 2015లో హార్వర్డ్‌లో స్టీఫెన్ ఎలెడ్జ్ బృందం తయారుచేసింది. వెన్నెముక ఉన్న జంతువులకు, మనుషులకు సోకే వైరస్‌లన్నింటి మాంసకృత్తుల్నీ చిన్నచిన్న ముక్కలుగా, దాదాపు అయిదు లక్షల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను బాక్టీరియాకు సోకే ఒక హానిలేని వైరస్ ఒంటిమీద అతికిస్తారు. ఆ సమూహంలో రోగి వెన్నుద్రవం కలుపుతారు. ద్రవంలో ఉన్న ప్రతిరక్షకాలు తమకు తెలిసిన ముక్కనే పట్టుకుంటాయి. పట్టుకున్నవాటిని వేరుచేసి చదివితే ఆ రోగి ఏయే వైరస్‌లను ఎదిరించాడో తెలుస్తుంది. ఈ పద్ధతిలో గొప్పదనం ఏమిటంటే, ఏ వైరస్ కోసం వెతుకుతున్నామో ముందుగా నిర్ణయించుకోనక్కర్లేదు. అంటే ఎంటెరోవైరస్ మీద ఉన్న అనుమానం ఫలితాన్ని తనవైపు లాక్కోలేదు.

42 మంది ఏఎఫ్ఎం పిల్లల వెన్నుద్రవాన్ని, వేరే నరాల జబ్బులున్న 58 మంది పిల్లల ద్రవంతో పోల్చారు. ఏఎఫ్ఎం ఉన్నవాళ్ళలో నూటికి 69 మందిలో ఎంటెరోవైరస్‌ల మీద ప్రతిరక్షకాలు కనిపించాయి. లేనివాళ్ళలో నూటికి ఏడుగురిలో. మరే వైరస్‌కూ ఇంత తేడా రాలేదు. ఇది 2019లో అచ్చయింది. అదే ఏడాది న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇయన్ లిప్‌కిన్ బృందం వేరే సాధనంతో వెతికి, అదే దిశగా చూపించింది.

ఎలుకల సాక్ష్యం అంతకు ముందే వచ్చింది. 2017లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఆలిసన్ హిక్సన్, టైలర్ తదితరులు 2014 నాటి రోగుల నుంచి తీసిన డి68 వైరస్‌ను ఎలుక పిల్లలకు ఎక్కించారు. వాటి కాళ్ళు చచ్చుబడ్డాయి. వెన్నుపాములో చూస్తే ముందు కొమ్ముల్లోని చేష్టా నాడీకణాలే చచ్చిపోయాయి, వైరస్ అక్కడే ఉంది. 1962 నాటి పాత రకాలు ఎక్కిస్తే ఎలుకలకు పక్షవాతం రాలేదు. అరవై ఏళ్ళుగా తెలిసిన వైరస్ ఇప్పుడే ఎందుకు కాళ్ళు చేతులు పట్టుకుంటోందన్న ప్రశ్నకు అందులో ఒక జాడ ఉంది: ఈ నడుమ వైరస్ మారింది.

అయినా ఎలుక ఎలుకే. మనిషి వెన్నుపాములో వైరస్‌ను చూసిన సాక్ష్యం ఒకటి 2022లో వచ్చింది, దానికి పదునాలుగేళ్ళ కిందటి కథ ఉంది. 2008లో అమెరికాలో అయిదేళ్ళ బాలుడు ఇలాంటి జబ్బుతోనే చనిపోయాడు. అప్పటికి ఏఎఫ్ఎం అన్న పేరే లేదు. కానీ శవపరీక్ష చేసిన వైద్యులు అతని వెన్నుపాము ముక్కల్ని పారవేయలేదు, మైనంలో దాచారు. కొత్త పద్ధతులు వచ్చాక మాథ్యూ వోట్, ఆయన సహచరులు ఆ ముక్కల్ని మళ్ళీ బయటికి తీశారు. ముందు కొమ్ముల్లో, సరిగ్గా చేష్టా నాడీకణాల లోపల, డి68 వైరస్ జన్యు పదార్థం, దాని మాంసకృత్తి రెండూ కనిపించాయి. శవపరీక్షకు ఒప్పుకున్న ఆ తల్లిదండ్రులకు వైద్యలోకం ఎంతో రుణపడి ఉంది.

రెండేళ్ళకోసారి, తరవాత

2015లో ఏఎఫ్ఎం కేసులు 22. 2016లో 153. 2017లో 38. 2018లో 238. సరి సంవత్సరాల్లో ఆగస్టు నుంచి నవంబరు లోపల ఎగసిపడి, బేసి సంవత్సరాల్లో తగ్గింది. వైరస్ ఒకసారి చుట్టబెట్టి పోతే పిల్లల్లో చాలామందికి కొంతకాలం రక్షణ ఉంటుంది. రెండేళ్ళలో కొత్తగా పుట్టిన పిల్లలు పోగవుతారు. వైరస్‌కు మళ్ళీ దారి దొరుకుతుంది. ఇది చాలామంది ఒప్పుకున్న వివరణ. 2020లో మళ్ళీ రావాల్సిందే. ఆ ఏడాది కోవిడ్ వచ్చి బడులు మూతపడ్డాయి, ముఖాలకు మాస్కులు వచ్చాయి. ఏఎఫ్ఎం 33 దగ్గరే ఆగింది. 2022లో డి68 తిరిగి వచ్చింది. సెప్టెంబరులో సీడీసీ డాక్టర్లను హెచ్చరించింది కూడా. చిత్రంగా, ఊపిరి ఇబ్బందులు పెరిగినంతగా పక్షవాతాలు పెరగలేదు. వైరస్ మళ్ళీ మారిందా, పిల్లల రక్షణ మారిందా అన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుతున్నారు.

వైద్యం సంగతి చెప్పక తప్పదు. చచ్చిన చేష్టా నాడీకణాన్ని బతికించే మందు లేదు. ప్రతిరక్షకాలు ఎక్కిస్తారు, స్టెరాయిడ్లు ఇచ్చి చూశారు, కచ్చితంగా పనిచేస్తాయని రుజువు కాలేదు. ఉన్నదాంట్లో ఆశ కలిగించేది నాడి మార్పిడి శస్త్రచికిత్స. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను వదిలేసి పక్క వీధి నుంచి వైరు లాగినట్టు, బాగున్న నాడి నుంచి ఒక పాయను తెచ్చి పనిచేయని కండరానికి కలుపుతారు. నాడి లేకుండా ఎక్కువకాలం ఉన్న కండరం తిరిగి పనికిరాకుండా పోతుంది గనక ఏడాది దాటకముందే ఈ నిర్ణయం తీసుకోవాలంటారు. చాలామంది పిల్లలకు ఏళ్ళ తరబడి వ్యాయామ చికిత్స తప్పదు.

తల్లిదండ్రులు తెలుసుకోవలసింది ఒక్కటుంది. 2018లో ఈ జబ్బు వచ్చినవాళ్ళలో సగానికి పైగా, నూటికి 54 మంది, ఇంటెన్సివ్ కేర్‌లో ఉండాల్సి వచ్చింది. నూటికి 23 మందికి వెంటిలేటర్ పెట్టారు. మెడ దగ్గరి వెన్నుపాము దెబ్బతింటే ఊపిరి తీసే కండరాలూ పడిపోతాయి. కనక జ్వరం తగ్గిన పిల్లవాడు చెయ్యి ఎత్తలేకపోయినా, మెడ నిలపలేకపోయినా, ముఖం ఒక పక్క వాలినా, నీళ్ళు మింగలేకపోయినా రేపటిదాకా ఆగకూడదు.

రాక్‌లాండ్ కౌంటీ, 2022

2022 జూన్‌లో న్యూయార్క్ నగరానికి ఉత్తరాన ఉన్న రాక్‌లాండ్ కౌంటీకి చెందిన ఒక యువ రోగి ఆస్పత్రిలో చేరారు. జ్వరం, మెడ బిగుసుకుపోవడం, కడుపులో ఇబ్బంది, ఆ వెంటనే కాళ్ళలో బలం పోవడం. డాక్టర్లకు ఏఎఫ్ఎం అనుమానం వచ్చింది. పదేళ్ళ కిందట అయితే ఆ అనుమానానికి పేరే ఉండేది కాదు. ఏఎఫ్ఎం అనుకుంటే తీయవలసిన నమూనాల జాబితాలో మలం ఉంది కాబట్టి తీశారు, రాష్ట్ర ప్రయోగశాల వాడ్స్‌వర్త్ సెంటర్‌కు పంపారు. జులై 18న రాష్ట్ర ఆరోగ్య శాఖ సీడీసీకి చెప్పిన ఫలితం: పోలియో వైరస్, టైపు-2.

అది సహజ పోలియో కాదు. చుక్కల మందులో ఉండే బలహీనపరచిన వైరస్, టీకాలు సరిగా పడని జనంలో చాలాకాలం ఒకరినుంచి ఒకరికి తిరిగితే, మారుతూ మారుతూ తిరిగి బలం పుంజుకునే వీలుంది. అందరికీ చుక్కలు పడిన చోట దానికి తిరిగే దారే ఉండదు. అమెరికాలో 2000 నుంచి చుక్కలు వేయడం లేదు, సూదిమందే. అంటే ఈ వైరస్ ఎక్కడో బయట పుట్టి అక్కడికి చేరింది. ఇజ్రాయెల్‌లో, లండన్ మురుగునీటిలో దొరికిన వైరస్‌లకు అది జన్యుపరంగా దగ్గరిదని తేలింది. ఆ యువ రోగికి పోలియో టీకా వెయ్యలేదు.

టీకా లేనివాళ్ళకు టైపు-2 సోకితే పక్షవాతం వచ్చేది దాదాపు 1,900 మందిలో ఒకరికి. ఆ లెక్కన ఒక్కరు ఆస్పత్రికి వచ్చారంటే, ఏ జబ్బూ తెలియకుండా వైరస్‌ను మోస్తున్నవాళ్ళు వందల్లో, వేలల్లో ఉండాలి. కోవిడ్‌ను కనిపెట్టడానికని అంతకుముందే సేకరించి ఉంచిన మురుగునీటి నమూనాలను తీసి చూశారు. ఆ రోగికి లక్షణాలు కనిపించడానికి 25 రోజుల ముందే, మే నెలలో తీసిన నీటిలోనే పోలియో ఉంది. అదే కౌంటీలో రెండేళ్ళలోపు పిల్లల్లో మూడు మోతాదుల పోలియో టీకా పడినవాళ్ళు 2020 జులైలో నూటికి 67 మంది. 2022 ఆగస్టుకు 60 మంది. ఒక పిన్‌కోడు ప్రాంతంలో 37 మందే. సెప్టెంబరు 9న న్యూయార్క్ గవర్నర్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మంత్రసానులు, ఫార్మసిస్టులు కూడా పోలియో టీకా వెయ్యవచ్చని ఆ ఉత్తర్వు అనుమతి ఇచ్చింది.